నూనె ప్యాకెట్టు మీద ఐఎన్‌ఎస్ 319: టీబీహెచ్‌క్యూ ఎందుకు కలుపుతారు, ఎంతవరకు క్షేమం

పెందుర్తి దగ్గర ఇంట్లోనే జంతికలు, చేగోడీలు, చెక్కలు చేసి విశాఖపట్నంలోని దుకాణాలకు వేస్తున్న ఒక సోదరి మూడు విషయాలు అడిగారు. తాను వాడే నూనె ప్యాకెట్టు మీద "యాంటీఆక్సిడెంట్ ఐఎన్‌ఎస్ 319" అని ఉందట. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ సంఖ్య; 319 టీబీహెచ్‌క్యూది. అది పెట్రోలు నుంచి తీసిన విషమని ఒక కొనుగోలుదారు ఆమెకు సందేశం పంపారట. మరోవైపు సరుకు నిలవ ఉండేందుకు అదే మందును పొడి రూపంలో తెప్పించి నూనెలో వేసుకోమని ఒక వ్యాపారి సలహా ఇచ్చారట. పిల్లలు తినే వస్తువు కనుక ఏది నమ్మాలో తెలియడం లేదని ఆమె రాశారు. వంటనూనెల నాణ్యతా పరీక్షల ప్రయోగశాలలో నా ఉద్యోగ జీవితం గడిచింది. ఈ పదార్థాన్ని తూచి, కరిగించి, నూనెలో ఎంత మిగిలిందో కొలిచిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

అమ్మా, ముందుగా ఆ పొడి సంగతి చెప్తాను, ఎందుకంటే తొందరగా తేల్చుకోవలసినది అదే. దయచేసి దాన్ని కొనవద్దు. మీరు కొంటున్న నూనెలో రిఫైనరీ వాళ్లు ఇప్పటికే దాన్ని కలిపారు. ఆ మాటే ప్యాకెట్టు మీద అచ్చయి ఉంది. మన దేశంలో వంటనూనెకు అనుమతించిన గరిష్ఠ పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు. అంటే 15 కిలోల డబ్బా మొత్తానికి 3 గ్రాములు మాత్రమే. నూనెలో ఇప్పటికే ఎంత ఉన్నదో మీకు తెలియదు, తెలుసుకోవాలంటే ప్రయోగశాల పరీక్ష కావాలి. అది తెలియకుండా పైనుంచి మరో రెండు గ్రాములు వేస్తే పరిమితి దాటిపోయే అవకాశమే ఎక్కువ. పిండి తూచే త్రాసు మీద రెండు గ్రాములకూ నాలుగు గ్రాములకూ తేడా నమ్మకంగా తెలియదు. పైగా ఈ పొడి చల్లటి నూనెలో త్వరగా కరగదు. కొంచెం నూనెను వేరుగా వేడి చేసి, అందులో పూర్తిగా కరిగించి, తర్వాత మొత్తం నూనెలో కలిసేంతవరకు తిప్పాలి. ఇంట్లో గరిటెతో కలిపితే డబ్బా అడుగున ఒక పాళ్లలో, పైన ఒక పాళ్లలో ఉంటుంది. ఆ పొడి చేతికి తగిలితే కొందరికి చర్మం మీద దద్దురు వస్తుంది, దుమ్ము కంటికీ ముక్కుకూ మంట పుట్టిస్తుంది. నూనెలో కరిగి పది లక్షల వంతుల్లో రెండువందల వంతులుగా ఉన్న పదార్థం వేరు, పిల్లలు తిరిగే వంటగదిలో సీసాలో పెట్టుకున్న శుద్ధమైన పొడి వేరు.

ఇప్పుడు అసలు పదార్థం సంగతికి వద్దాం. దీని పూర్తి పేరు టెర్షియరీ బ్యూటైల్ హైడ్రోక్వినోన్, వాడుకలో టీబీహెచ్‌క్యూ. తెల్లటి స్ఫటికాల పొడి. హైడ్రోక్వినోన్ అనే ఫినాల్ జాతి పదార్థానికి ఐసోబ్యూటిలీన్ వంటి దాన్ని ఆమ్లం సమక్షంలో చేర్చి దీన్ని తయారు చేస్తారు. ఆ ముడిసరుకులు పెట్రోరసాయన పరిశ్రమ నుంచి వస్తాయన్నది నిజమే. కానీ తయారైన తర్వాత అది పెట్రోలూ కాదు, లైటర్లలో పోసే బ్యూటేనూ కాదు. దాని గుణం, శరీరంలో దాని నడక పూర్తిగా వేరు. ఒక పదార్థం ఎక్కడి నుంచి పుట్టిందన్నది దాని విషగుణాన్ని తేల్చదు. ఎంత మోతాదులో, ఎన్నాళ్లు, ఎవరి శరీరంలోకి వెళ్తోందన్నదే తేలుస్తుంది. మీ కొనుగోలుదారుకు ఇంతవరకు చెప్తే చాలదు, ఆ మోతాదు లెక్క కూడా చూపించాలి. దాన్ని కింద రాశాను.

ఈ మందు ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే నూనె ఎలా పాడవుతుందో చూడాలి. పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం లినోలియిక్ ఆమ్లం. దాని గొలుసులో రెండు ద్విబంధాలుంటాయి. వాటి మధ్యనున్న హైడ్రోజన్ పరమాణువు చాలా సులభంగా ఊడిపోతుంది. వెలుతురు, వేడి, ఇనుము లేదా రాగి అంశ, వీటిలో ఏదో ఒకటి ఆ హైడ్రోజన్‌ను ఊడగొడితే అక్కడ ఒక స్వేచ్ఛా రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో స్థిమితం లేని అణువు, మిగులుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సీ రాడికల్‌గా మారి, పక్కనున్న కొవ్వు అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఆ రెండో అణువు మూడోదాని నుంచి లాక్కుంటుంది. కొట్టం కప్పుకు అంటుకున్న నిప్పు ఇంటి నుంచి ఇంటికి పాకినట్టు ఇది పాకుతుంది. మొదట పుట్టే హైడ్రోపెరాక్సైడ్లకు వాసన ఉండదు. అందుకే తొలి దశలో పాడైన నూనెను ముక్కు పట్టలేదు. అవి విరిగి హెక్సనాల్ వంటి ఆల్డిహైడ్లుగా మారినప్పుడే మనం "జంతికలు నూనె వాసన కొడుతున్నాయి" అంటాము.

టీబీహెచ్‌క్యూ చేసే పని ఆ వరుసను మధ్యలో తెంచడం. తన దగ్గరున్న హైడ్రాక్సిల్ గుంపులోని హైడ్రోజన్‌ను ఆ పెరాక్సీ రాడికల్‌కు తానే ఇచ్చేస్తుంది. ఇచ్చిన తర్వాత తాను కూడా రాడికల్‌గానే మిగిలినా, దాని బెంజీను వలయం ఆ విడి ఎలక్ట్రాన్‌ను పంచుకుని స్థిరపడిపోతుంది కనుక అది మరో కొవ్వు అణువు జోలికి పోదు. చివరకు క్వినోన్‌గా మారిపోతుంది. ఇక్కడే రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, ఇది ఖర్చయిపోయే పదార్థం, ఉన్నంతసేపే కాపలా. రెండోది, ఇది పాడుకావడాన్ని వాయిదా వేస్తుందే తప్ప, పాడైన నూనెను బాగుచేయలేదు. కంపు మొదలైన నూనెలో ఎంత వేసినా ప్రయోజనం ఉండదు. మీకు సలహా ఇచ్చిన వ్యాపారి ఈ రెండో సంగతి చెప్పి ఉండరని నా అనుమానం.

గింజలోని నూనెకు ప్రకృతి ఇచ్చిన రక్షణ కూడా ఉంటుంది. టోకోఫెరాళ్లు, అంటే విటమిన్ ఇ జాతి పదార్థాలు, ఇదే పని చేస్తాయి. రిఫైనరీలో వాసన తీసే దశలో చాలా ఎక్కువ వేడి మీద, శూన్యంలో, ఆవిరి పంపినప్పుడు వాటిలో కొంత భాగం ఆవిరితోపాటు పోతుంది. పోయిన రక్షణకు బదులుగానే ఈ కృత్రిమ పదార్థాన్ని కలుపుతారు. నువ్వుల నూనెలో సెసమోలిన్ అనే పదార్థం ఉంటుంది; వేడి తగిలినప్పుడు దాని నుంచి సెసమోల్ పుట్టి నూనెను కాపాడుతుంది. గానుగ నువ్వుల నూనె మన ఇళ్లలో ఊరగాయలకు అంతకాలం నిలిచిందంటే అందులో దీని పాత్ర పెద్దది. మరి కృత్రిమమైన వాటిలో ఇదే ఎందుకంటే, బీహెచ్ఏ, బీహెచ్‌టీ అనే పాత పదార్థాలకన్నా విత్తనాల నూనెల్లో ఇది బాగా పనిచేస్తుంది. ప్రొపైల్ గాలేట్ అనే మరొకటి ఇనుము తగిలితే నల్లబడుతుంది, వేడికి త్వరగా విరుగుతుంది. దీనికి ఇనుముతో ఆ రంగు సమస్య లేదు. దీనికి తోడుగా సిట్రిక్ ఆమ్లాన్ని కూడా కలుపుతారు. అది రాడికళ్లను ఆపదు, రాగి, ఇనుము అంశలను పట్టి ఉంచుతుంది. అందుకే ప్యాకెట్టు మీద 319 పక్కన 330 కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది.

ఇక భద్రత. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని 1972లో అనుమతించింది. ఆహారంలోని నూనె లేదా కొవ్వు బరువులో 0.02 శాతం దాటకూడదని, బీహెచ్ఏ, బీహెచ్‌టీ కూడా ఉంటే మూడూ కలిపే ఆ లెక్కలోకి రావాలని నిబంధన పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం 1998లో రోజువారీ పరిమితిని శరీర బరువులో కిలోకు 0.7 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. ఈ అంకెకు ఆధారం కుక్కలకు రెండేళ్లకు పైగా తినిపించి చేసిన అధ్యయనం. ఎక్కువ మోతాదులో వాటి రక్తంలో ఎర్రకణాలకు సంబంధించిన మార్పులు కనిపించాయి. ఏ ప్రభావమూ కనిపించని మోతాదు రోజుకు కిలో శరీర బరువుకు 72 మిల్లీగ్రాములు. దాన్ని వందతో భాగిస్తే వచ్చినదే ఈ 0.7. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు పది రెట్లు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో పది రెట్లు, ఆ వంద అలా వచ్చింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా 2004లో ఇదే అంకెకు వచ్చింది. మనం తిన్న టీబీహెచ్‌క్యూలో చాలా భాగాన్ని కాలేయం సల్ఫేటుతోనో గ్లూకురానిక్ ఆమ్లంతోనో జతచేసి మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. అది కొవ్వులో ఏళ్ల తరబడి పేరుకునే రకం కాదు.

లెక్క ఇప్పుడు చేద్దాం. 60 కిలోల మనిషికి రోజుకు 42 మిల్లీగ్రాములు పరిమితి. నూనెలో గరిష్ఠంగా, అంటే కిలోకు 200 మిల్లీగ్రాముల చొప్పున ఉన్నదనుకున్నా, ఆ 42 మిల్లీగ్రాములు శరీరంలోకి వెళ్లాలంటే రోజుకు 210 గ్రాముల నూనె తినాలి, అదీ జీవితాంతం ప్రతిరోజూ. రోజుకు 30 గ్రాములు వాడే మనిషికి వెళ్లేది 6 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక గ్రాము తింటే వాంతులు, ఐదు గ్రాములు తింటే ప్రాణాపాయం అన్న మాట కూడా చాలాచోట్ల తిరుగుతోంది. ఆ ఒక్క గ్రాము పోగవ్వాలంటే గరిష్ఠ మోతాదు ఉన్న నూనె 5 కిలోలు ఒక్కసారిగా తాగాలి. శుద్ధమైన పొడి విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో చెప్పడానికి ఆ మాట పనికొస్తుంది గానీ, మీ జంతికల గురించి అది ఏమీ చెప్పదు.

అయితే పిల్లల లెక్క వేరు, దాన్ని నేను తేలికగా తీసుకోను. 15 కిలోల బిడ్డకు రోజువారీ పరిమితి పదిన్నర మిల్లీగ్రాములే. మూడో వంతుకు పైగా నూనె ఉండే చిప్సు వంటి చిరుతిండి 100 గ్రాములు తింటే, 35 గ్రాముల కొవ్వు ద్వారా గరిష్ఠంగా 7 మిల్లీగ్రాములు వెళ్లవచ్చు. దానికి ఇంటి కూరల్లోని నూనె, బిస్కెట్టు, నూడుల్సు తోడైతే ఆ బిడ్డ పరిమితి అంచుకు చేరుతుంది. నిజానికి వేయించేటప్పుడు ఈ పదార్థం గణనీయంగా ఆవిరైపోతుంది, విరిగిపోతుంది కూడా. కనుక అసలు వెళ్లేది ఇంతకన్నా తక్కువే ఉంటుంది. ఒకనాడు పరిమితి దాటినంత మాత్రాన జబ్బు వస్తుందని కూడా అర్థం కాదు. అయినా రోజూ అన్నం బదులు ప్యాకెట్లు తినే పిల్లల విషయంలో రసాయనం కన్నా ముందు ఆ అలవాటే నన్ను కలవరపెడుతుంది. ఉప్పు, కొవ్వు, పిండి తప్ప మరేమీ లేని తిండితో కడుపు నింపడం వల్ల కలిగే నష్టం ఐఎన్‌ఎస్ 319 వల్ల కలగగలదానికన్నా చాలా ఎక్కువ, చాలా నిశ్చయం.

క్యాన్సర్ మాట మీ కొనుగోలుదారు తప్పక ఎత్తుతారు. ఇక్కడ రెండు పదార్థాలు కలగాపులగమవుతున్నాయి. బీహెచ్ఏను, అంటే ఐఎన్‌ఎస్ 320ని, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ "మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది" అనే 2బి వర్గంలో ఉంచింది. ఆహారంలో రెండు శాతం దాకా కలిపి తినిపించిన ఎలుకల్లో, జీర్ణాశయపు మొదటి సంచి అయిన "ముందు జీర్ణాశయం"లో గడ్డలు వచ్చాయి. ఆ ముందు జీర్ణాశయం మనుషులకు లేదు, కనుక దాని అర్థం మీద చర్చ ఇంకా ఉంది. టీబీహెచ్‌క్యూ విషయంలో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం ఎలుకలకూ చుంచులకూ ఆహారంలో 5,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 5,000 వంతులు) దాకా కలిపి దీర్ఘకాలం తినిపించి, క్యాన్సర్ కలిగించినట్టు ఆధారం లేదని 1997లో ప్రకటించింది. ఒకదాని మీద వచ్చిన ఫలితాన్ని తెచ్చి మరొకదానికి అంటగట్టకూడదు.

అలాగని దీని మీద పరిశోధన ముగిసిపోలేదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చుంచుల మీద చేసిన పనిలో, ఈ పదార్థం ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే కణ సంకేతాన్ని ప్రేరేపించి, ఫ్లూ వైరస్‌కు రోగనిరోధక కణాలు స్పందించే తీరును బలహీనపరుస్తున్నట్టు 2019లో నివేదించారు. మనుషుల్లో, మనం తినే మోతాదులో అలా జరుగుతుందని అది చూపలేదు. కానీ పాత భద్రతా పరీక్షలు ప్రధానంగా బరువు, అవయవాలు, రక్తం, గడ్డలు, సంతానం మీద దృష్టి పెట్టినవి. రోగనిరోధక శక్తిని ఇంత సూక్ష్మంగా చూడటం కొత్త. ఈ ప్రశ్న అడగదగినదే, సమాధానం కోసం ఎదురుచూడదగినదే. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: అవసరమైన చోట, అవసరమైనంత మేరకు మాత్రమే. అది లేకుండా పని జరిగే చోట దాన్ని వాడవలసిన పని లేదు.

జపాన్ దీన్ని అనుమతించలేదు కదా అని కూడా అడుగుతారు. నిజమే, జపాన్ అనుమతి జాబితాలో టీబీహెచ్‌క్యూ లేదు. దేశాల జాబితాలు విషగుణం ఒక్కదాని మీదే కాక, ఆ దేశంలో ఎవరు దరఖాస్తు చేశారు, అక్కడి అలవాట్లు ఏమిటి అన్నదాని మీద కూడా ఏర్పడతాయి. ఈ తేడా విలువ విశాఖ రొయ్యల వ్యాపారులకు బాగా తెలుసు. మేతలోని చేపపొడి పాడుకాకుండా, ఓడల్లో తనంతట తాను అంటుకోకుండా కలిపే ఎథాక్సీక్విన్ అనే మరో కృత్రిమ యాంటీఆక్సిడెంటు కారణంగా 2012లో జపాన్ మన రొయ్యలను కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దుతో పరీక్షించడం మొదలుపెట్టింది. 2014లో ఆ హద్దును 0.2కు సడలించింది. ఐరోపా సమాఖ్య 2017లో మేతల్లో దాని అనుమతినే నిలిపివేసింది. అది వేరే పదార్థం, దాని సందేహాలు వేరు. మీకు ఎప్పుడైనా విదేశాలకు సరుకు పంపే అవకాశం వస్తే, ఆ దేశపు జాబితా చూసిన తర్వాతే నూనె ఎంచుకోండి.

ఇంతకూ మీ సరుకు నిలవ ఉండాలన్నది మీ అసలు అవసరం. దానికి చేయదగినవి చాలా ఉన్నాయి, వాటిలో చాలావరకు ఖర్చు కూడా తక్కువే. మన ఊళ్లో ఉక్కపోత, ఉప్పు గాలి, రేకుల షెడ్డుల వేడి కలిసి నూనె వస్తువులకు ఏడాదిలో ఎక్కువ నెలలు ప్రతికూలంగానే ఉంటాయి. దుకాణం గుమ్మంలో ఎండ తగిలేలా తగిలించిన పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలోని చేగోడీకి రిఫైనరీ వాళ్లు కలిపిన ఏ మందూ ఆదుకోలేదు. లోపలి పొర వెండిలా మెరిసే, వెలుతురునూ గాలినీ తేమనూ ఆపే ప్యాకెట్లకు మారండి. సరుకు పూర్తిగా చల్లారాక, నూనె ఓడ్చాక, అదే పూట మూత వేయండి. పెద్ద కంపెనీలు ప్యాకెట్లలో నత్రజని నింపేది రుచి కోసం కాదు, ఆక్సిజన్‌ను తరిమేయడానికే. మీ వ్యాపారం పెరిగితే ఆ చిన్న యంత్రం ఈ పొడి కన్నా మంచి పెట్టుబడి. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో నూనె నిలవ పెట్టవద్దు. ఆ లోహాల అంశ కొంచెమైనా చాలు, ఆక్సీకరణ ఎన్నో రెట్లు వేగమవుతుంది. స్టీలు డబ్బా వాడండి, దాన్ని నిండుగా ఉంచండి, సగం ఖాళీ అయిన డబ్బాలో సగం గాలే ఉంటుంది. పాత నూనె అడుగున మిగిలి ఉండగా పైన కొత్త నూనె పోయవద్దు. పాతదానిలోని పెరాక్సైడ్లు కొత్తదాన్ని వెంటనే పట్టుకుంటాయి.

నూనె ఎంపికలో కూడా తేడా ఉంది. మామూలు పొద్దుతిరుగుడు నూనె కన్నా వేరుసెనగ, తవుడు, నువ్వుల నూనెలు వేయింపుకు గట్టిగా నిలబడతాయి. పామాయిల్ ఇంకా నిలుస్తుంది, కానీ అందులో సంతృప్త కొవ్వు దాదాపు సగం. నిలవ కోసం ఆరోగ్యాన్ని అటువైపు జరపడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించుకోవాలి. విడి నూనె మాత్రం ఎంత చవకైనా కొనవద్దు, దాని అమ్మకమే చట్టవిరుద్ధం. అందులో ఏముందో, ఎంతకాలం నాటిదో చెప్పే లేబులే ఉండదు.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది మూకుడులోని నూనె. వేయించిన కొద్దీ టీబీహెచ్‌క్యూ పోతుంది, నూనె విరిగి పుట్టే పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2018 జులై 1 నుంచి నిబంధన అమలు చేస్తోంది. పలుమార్లు కాగి నల్లబడి, జిగురెక్కి, నురుగు కడుతున్న నూనెలో పుట్టే ఆల్డిహైడ్ల గురించి ఎవరూ సందేశాలు పంపడం లేదు. ప్యాకెట్టు మీద అంకె కనిపిస్తుంది కనుక దానినే పట్టుకుంటున్నారు. మీరు మూకుడును 180 డిగ్రీలు దాటనివ్వకండి, వాయికీ వాయికీ మధ్య మాడిన పిండి రవ్వలను చిల్లుల గరిటెతో తీసేయండి, రోజు చివర వడగట్టి చల్లార్చి మూత పెట్టండి, రంగు ముదిరిన నూనెను పారబోయక, వాడిన నూనెను బయోడీజిల్ కోసం సేకరించేవారికి ఇవ్వండి.

కొనుగోలుదారు అడిగిన దానికి సమాధానంగా, మీ ప్యాకెట్టు మీద నూనె పేరుతోపాటు అందులోని యాంటీఆక్సిడెంటు ఐఎన్‌ఎస్ 319 అని మీరే రాయండి. దాచినట్టు అనిపిస్తేనే అనుమానం పెరుగుతుంది. నిలవ గడువును ఇతరుల ప్యాకెట్టు చూసి వేయకండి. ప్రతి వాయి నుంచి కొన్ని ప్యాకెట్లు తీసి, దుకాణంలో ఉండే వేడిలోనే ఉంచి, వారానికొకటి విప్పి, ఆ సరుకు చేయని ఇద్దరు మనుషులకు వాసన చూపించి, రుచి చూపించండి. ఏ వారంలో వారి ముఖం మొదట చిట్లిందో రాసిపెట్టుకుని, గడువును అంతకు రెండు వారాల ముందే ముగించండి. ఈ పరీక్షను వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి వేరువేరుగా చేయండి, ఎందుకంటే మే నెలలో వచ్చే లెక్క ఆగస్టుకు పనికిరాదు.